జానెడున్నర దూరం

మేడమ్ పోయిందని ఆత్మకూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కడపలో నా కళ్లద్దాల దుకాణంలో కూర్చుని ఒక అద్దం అంచు అరగదీస్తున్నాను. ఫోన్ చేసింది ఆమె తమ్ముడి కొడుకు. "అత్త పోయిందన్నా, తెల్లారుజామున. మీ నంబరు ఆయమ్మ పుస్తకంలో ఉండాది" అన్నాడు. సరే నాయనా అని ఫోన్ పెట్టేసి మళ్లీ చక్రం తిప్పాను. అద్దం పగిలింది. నా చేతిలో అద్దం పగలడం ఎప్పుడో గానీ జరగదు. ఇక ఆ పూటకు దుకాణం మూసేశాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. పేరంటే ఆమెకు ఒళ్లు మంట. ఊళ్లలో కంటి శిబిరం పెట్టినప్పుడు విలేకరి ఎవరైనా వచ్చి మీ పూర్తి పేరు చెప్పండి మేడమ్ అంటే, కంటికి కట్టుతో బల్ల మీద కూర్చున్న ముసలాయన్ను చూపించేది. చూపు వచ్చింది ఆయనకు కాబట్టి పేరు కూడా ఆయనదే రాసుకోమనేది. కర్నూలు కంటి ఆస్పత్రిలో ఆమె డాక్టరు, ఆమె దగ్గర నేను పదకొండేళ్లు పనిచేశాను. రోగుల చూపు పరీక్షించి నంబరు తేల్చడం నా పని. ఆ పదకొండేళ్లలో ఆమె నా ఎదుట నన్ను ఒక్కసారి మెచ్చుకోలేదు. తిట్లకు మాత్రం కరువు లేదు. కర్నూలు ఎండలాగా ఏడాది పొడుగునా ఉండేవి.

తెల్ల కోటు జేబులో ఎప్పుడూ ఒక నూలు దారం పెట్టుకునేది. గోడ మీది అక్షరాల పట్టిక మీద ఆమెకు నమ్మకం తక్కువ. రోగి వచ్చి కూర్చోగానే "ఏం పని చేస్తావప్పా?" అని అడిగేది. కుట్టుమిషను అంటే గుడ్డ పట్టుకున్నట్టు చేతులు పెట్టమనేది. బియ్యంలో రాళ్లు ఏరుకోవాల అన్న ముసలమ్మను ఒళ్లో చేట పెట్టుకున్నట్టు కూర్చోమనేది. కనుబొమ నుంచి ఆ చేతుల దాకా దారం లాగి, అక్కడ ముడి వేసి, నా వైపు తిరిగి "ఇంత దూరం" అనేది. ఆ మనిషి బతుకంతా ఆ దూరంలో ఉంది, చూపు అక్కడికి తీసుకురావాలి అని దాని అర్థం. బస్సు డ్రైవర్లు వస్తే మాత్రం దారం చాలక కిటికీ తీసి రోడ్డు చివర మందుల షాపు బోర్డు చదవమనేది.

పొద్దున ఉగ్గాని పొట్లం విప్పి, బజ్జీ నంజుకుంటూ, నిలబడే తినేది. ఎవరైనా కాళ్లు మొక్కబోతే వెనక్కి గెంతేది. మొక్కుల ముచ్చట అసలే గిట్టదు. మంత్రాలయం పోయి వచ్చినవాళ్లు అక్షింతలు తెచ్చి ఇస్తే తీసుకుని బల్ల మీద పెట్టేది గానీ తల మీద వేసుకునేది కాదు. "మొక్కులు మీ ఇంట్లో పెట్టుకోండప్పా. ఈడ మందులే" అనేది. ఆమె ఏ దేవునికీ దండం పెట్టగా ఆ పదకొండేళ్లలో నేను చూడలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మా ఆస్పత్రికి ఒక కొత్త రకం లెన్సు వచ్చింది. మామూలుగా శుక్లం తీసి లెన్సు పెట్టేటప్పుడు దాని నంబరు ముందే లెక్కగట్టి పెడతాం. గాయం మానేటప్పుడు అది వెంట్రుకవాసి అటో ఇటో జరిగితే లెక్క తప్పుతుంది. ఆ తప్పును కళ్లద్దాలతో సరిపెట్టుకోవాల్సిందే. ఈ కొత్త లెన్సును మాత్రం కంట్లో పెట్టిన తర్వాత కూడా దిద్దుకోవచ్చు. రెండు మూడు వారాలకు, గాయం మానాక, ఒక రకం అతినీలలోహిత కాంతిని కొలత ప్రకారం దాని మీద వేస్తే లోపల ఉన్న లెన్సే తన వంపు మార్చుకుంటుంది. నంబరు కుదిరాక ఇంకోసారి కాంతి వేసి గట్టిపరిస్తే ఇక జీవితాంతం మారదు. కుమ్మరి ఆవంలో ఇంకా కాలని పచ్చికుండ అనుకోండి. కాల్చేలోపే ఒత్తుకోవాలి.

చిక్కంతా ఒక్కటే. ఆ కాంతి ఎండలోనూ ఉంది. మనం కొలిచి కాల్చేలోపు సూర్యుడే కాల్చేస్తే కుండ సొట్ట పోయినట్టే. అందుకని చివరి కాంతి పడేదాకా, నిద్ర లేచింది మొదలు పడుకునే వరకు, వాళ్లిచ్చిన ప్రత్యేకమైన అద్దాలు తీయకూడదు. ఇంట్లో ఉన్నా తీయకూడదు. మబ్బుల దేశంలో కూర్చుని ఇది ఆలోచించినవాళ్లకు మా సీమ ఎండ సంగతి ఏం తెలుసు? లెన్సు ఇంకా అమ్మకానికి రాలేదు, పరీక్షల దశలో ఉంది. తయారుచేసేవాళ్లు కొద్దిమంది డాక్టర్లకు కొన్ని ఇచ్చి, ఏమైందో రాసి పంపమన్నారు. వాటిని కర్నూలుకు తెప్పించుకోవడానికి మేడమ్ ఎన్ని ఉత్తరాలు రాసిందో నాకు తెలుసు. పోస్టు చేసింది నేనే.

ప్రొద్దుటూరు శెట్టి గారు వచ్చింది అప్పుడే. బంగారం బజారులో గీటురాయి ముందు కూర్చునే మనిషి. నగను రాయి మీద గీసి, పక్కనే మచ్చు బంగారంతో ఇంకో గీటు గీసి, రెండూ పోల్చి నాణ్యం చెప్పేవాడు. ఆయన చెప్పాక బజారులో ఇంకో మాట ఉండేది కాదట. ఎడమ కన్ను ఎప్పుడో చిన్నతనంలో ఆమ్లం చింది పోయింది. ఉన్నది కుడి కన్నొక్కటే, దానికి పొర కమ్మింది. ఒకరోజు ఒక గొలుసు గురించి తప్పు చెప్పాడు. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఆయనే దుకాణంలో కూర్చోవడం మానేశాడు.

మేడమ్ దారం తీసింది. శెట్టి గారు సంచిలోంచి నల్లటి గీటురాయి బయటికి తీసి, రోజూ ఎలా పట్టుకుంటాడో అలాగే పట్టుకున్నాడు. జానెడున్నర. ఆమె ముడి వేస్తుంటే ఆయన అన్నాడు, "ఈ ఒక్క దూరం నాకు ఇయ్యమ్మా. తక్కిందంతా మసకైనా నేనేమీ అనుకోను."

"బేరం వద్దు శెట్టిగారూ. అంతా చూస్తారు" అంది మేడమ్.

ఎవరికీ మాట ఇచ్చే మనిషి కాదు ఆమె. ఒంటికన్ను మనిషికి కొత్త లెన్సు పెడుతూ అంత మాట ఎందుకు ఇచ్చిందోనని నాకు భయమేసింది. ఆపరేషన్ బాగా జరిగింది. జాగ్రత్తల కాగితాలు నేనే చదివి వినిపించాను. అద్దాలు తీయకూడదని ఆయనా, ఆయన భార్యా మూడుసార్లు తల ఊపారు. ప్రతి వారం ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా బస్సులో వచ్చేవారు, అద్దాలు పెట్టుకునే వచ్చేవారు. ఇక ఒక్క వారం ఆగితే కాంతి వేయడమే.

ఆ వారంలో రథసప్తమి వచ్చింది. ముందు రోజు శెట్టి గారి భార్య ఆస్పత్రికి ఫోన్ చేసింది. నేనే ఎత్తాను. రేపు సూర్యుని పండుగ, మా ఇంట్లో ఆయన ఏనాడూ తప్పలేదు, కండ్ల కోసం కూడా మొక్కుకున్నాడు, చెయ్యొచ్చా అని అడిగింది. బయట రోగులు వరుసలో ఉన్నారు. "మొక్కుకోమనమ్మా. తలస్నానం మాత్రం వద్దు, కంట్లో నీళ్లు పడకూడదు" అని చెప్పాను. మా ఆస్పత్రిలో ఫోన్ ఎత్తినవాళ్లు అడిగిందీ, చెప్పిందీ పుస్తకంలో రాయాలి. రాశాను. మంచి సలహా ఇచ్చానని కూడా అనుకున్నాను.

మా ఇంట్లో మాత్రం ఏం తక్కువ? రథసప్తమి నాడు మా నాయన కళ్లద్దాలు తీసి గూట్లో పెట్టి, జిల్లేడాకులు భుజాల మీద పెట్టుకుని పొద్దుకు ఎదురుగా నిలబడేవాడు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కంటి ఆస్పత్రిలో జీతం తీసుకుంటూ, అద్దాలు అద్దాలు అని అందరికీ పాఠం చెప్పే నాకు ఆ క్షణాన అది తట్టలేదు. ఈరోజుకీ నన్ను నేను తిట్టుకుంటాను.

చెప్పిన రోజుకు శెట్టి గారు వచ్చారు. కాంతి వేసే ముందు చివరి కొలత. చీకటి గదిలో కూర్చోబెట్టి నంబరు చూశాను. క్రితం వారం నంబరు కాదు. మళ్లీ చూశాను. మూడోసారి చూసినా కాదు. గీటురాయి తీసి చూడమన్నాను. ఆయన రెండు గీట్లు గీసి చాలాసేపు చూశాడు.

"రెండు గీస్తే నాలుగు కనపడతాండాయప్పా" అన్నాడు.

మేడమ్‌ను పిలిచాను. ఆమె పరీక్షించి, లేచి నిలబడి, ఎండలో అద్దాలు తీశారా అని అడిగింది. శెట్టి గారు తప్పు చేసినవాడిలాగా కాదు, మాట నిలబెట్టుకున్నవాడిలాగా చెప్పాడు. తలస్నానం చెయ్యలేదు. కంట్లో చుక్క నీళ్లు పడనివ్వలేదు. భుజాల మీద జిల్లేడాకులు పెట్టుకుని, అర్ఘ్యం ఇచ్చి, పిడకల మీద పాలు పొంగి చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టేదాకా పొద్దుకు ఎదురుగానే నిలబడ్డాడు. "కండ్లిచ్చే దేవునికి నల్లద్దాలు పెట్టుకొని మొక్కుతామా తల్లీ? ఆ కాసేపే తీసినా" అన్నాడు. మాఘమాసం ఎండ మా దగ్గర ఎనిమిదింటికే చురుక్కుమంటుంది. లెన్సు మధ్యలో ఒక చోట గట్టిపడింది, ఒక చోట పచ్చిగా ఉంది. ఇలాంటి వంకరను కళ్లద్దాలు సరిచేయలేవు.

"తియ్యొచ్చని ఎవురన్నా చెప్పినారామ్మా?" అని మేడమ్ ఆయన భార్యను అడిగింది.

ఆ తల్లి నా వైపు చూసింది. ఫోన్‌లో విన్న గొంతు ఎవరిదో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. "ఎవురూ చెప్పలేదమ్మా. మా ఇంటి ఆచారం" అంది. నేను నోరు విప్పలేదు. గోడకు ఆనుకుని, చేతిలో కార్డు పట్టుకుని, నేల చూస్తూ నిలబడ్డాను. సిగ్గులేదా అంటే ఉంది. కానీ ఉద్యోగం పోతుందన్న భయం దానికంటే పెద్దదిగా ఉంది.

వాళ్లిద్దరినీ ఆస్పత్రిలోనే గది ఇచ్చి ఉంచారు. కిటికీలకు దుప్పట్లు కట్టించింది మేడమ్. మర్నాడు లెన్సు తయారుచేసేవాళ్ల తరఫున ఒకాయన బెంగళూరు నుంచి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి మాట. లెన్సు తీసేసి మామూలుది పెట్టండి, నివేదికలో రోగి సూచనలు పాటించలేదని రాయండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు అన్నాడు. తలుపు దగ్గర నిలబడి వింటున్న నేను, మేడమ్ ఒప్పుకుంటే బాగుండునని మనసులో కోరుకున్నాను. దాచడం ఎందుకు, కోరుకున్నాను.

ఒంటికన్ను మనిషికి మళ్లీ కన్ను కోసి, అతుక్కుంటున్న లెన్సును లాగడమంటే ఏమిటో ఆ బెంగళూరాయనకు తెలియనిది కాదని మేడమ్ అంది. పచ్చిగా మిగిలిన భాగాన్ని కాంతితో దిద్ది చూస్తానంది. వికటిస్తే అని ఆయన అడిగాడు. వికటిస్తే అప్పుడు తీస్తానంది. అలా అయితే ఇక మీకు లెన్సులు పంపే సంగతి మావాళ్లు ఆలోచించుకోవాల్సి వస్తుందని ఆయన మెత్తగానే అన్నాడు. మేడమ్ కోటు జేబులో చెయ్యి పెట్టి దారం నలుపుతూ నిలబడింది. ఆలోచించుకోమని చెప్పండి అంది.

రెండు రోజులు లెక్కలు వేశాం. ఎక్కడ ఎంత కాంతి, ఎన్ని సెకన్లు. ఆమె ఒకటి వేసేది, నేను ఒకటి వేసేవాణ్ణి, రెండూ కలిసేదాకా చింపి మళ్లీ వేసేవాళ్లం. ఆ రెండు రోజుల్లో ఆమె నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. అదే నన్ను చంపేసింది. శెట్టి గారి గదికి వెళ్లి జరగబోయేదంతా దాచకుండా చెప్పింది. బాగుపడొచ్చు, ఉన్నది కూడా పోవచ్చు అంది. ఆయన సంచిలోని గీటురాయిని తడుముకున్నాడు. నాలుగు గీట్లు చూసే కన్నుతో నేను బజారుకు పోలేను గదమ్మా, కానియ్యండి అన్నాడు.

మూడో రోజు పొద్దున కాంతి వేసే గది. శెట్టి గారు యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చున్నాడు. కన్ను మొద్దుబార్చే చుక్కలు వేశాం. ఆయన భార్య తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది. మేడమ్ కన్ను యంత్రానికి ఆనించి ఉంది, కాలు మీట మీద ఉంది. నేను అంకెలు చదవాలి, ఆమె ఒక్కోటి పెట్టుకుంటూ పోవాలి. మొదటి అంకె చదివాను. రెండోది చదవబోయాను. కాగితం దించేశాను.

"ఏమైందప్పా?"

"మేడమ్, ఆరోజు అమ్మ ఫోన్ చేస్తే ఎత్తింది నేనే. నీళ్ల సంగతి చెప్పినా. అద్దాలు తియ్యొద్దని చెప్పలేదు."

శెట్టి గారు కదలకూడదు, కదల్లేదు. ఆయన భార్య కొంగు చుట్టడం ఆపింది. మేడమ్ కన్ను యంత్రం మీంచి తీయలేదు.

"తెలుసప్పా. పుస్తకం ఆ పొద్దే చూసినా. అంకెలు చెప్పు" అంది.

చెప్పాను. ఒక్కటి తడబడకుండా అన్నీ చెప్పాను. ఆమె మీట నొక్కింది. నిమిషం దాటి కొన్ని సెకన్లు, అంతే. ఆ కాసేపు ఆమె చెయ్యి రాయిలాగా ఉంది. ఈ మనిషికి భయమనేది లేదు కాబోలు అనుకున్నాను. అయిపోయాక లేచి, శెట్టి గారికి అద్దాలు తనే పెట్టి, ఆయన ఎదుట నిలబడి, తప్పు మాది, మీది కాదు అని చెప్పింది. నాది అనలేదు, మాది అంది.

ఇంకో మూడు రోజులు ఎదురుచూడాలి. నాలుగో పొద్దున దుప్పట్లు కట్టిన గదిలో దీపం వెలిగించి, శెట్టి గారి చేతికి రాయి ఇచ్చాం. మేడమ్ ఆయన కనుబొమ దగ్గర దారం కొస పెట్టి లాగింది. ముడి ఉన్నచోట రాయి నిలిపింది. ఆయన భార్య ఉంగరం తీసి ఇచ్చింది. ఆయన దాంతో ఒక గీటు గీశాడు, మచ్చుతో ఒకటి గీశాడు. చూశాడు. రాయి కొంచెం తిప్పి మళ్లీ చూశాడు.

"రెండే ఉండాయమ్మా" అన్నాడు. పెళ్లాం వైపు తిరిగి, "నీ ఉంగరం మీ నాయన చెప్పినంత మేలిమి కాదే" అన్నాడు.

ఆమె నవ్వుతూ ఏడ్చింది. నేను పక్క గదిలోకి వెళ్లి ఏడ్చాను. కానీ గోడ గడియారం చదవమంటే ఆయన చదవలేకపోయాడు. వాకిట్లో ఎవరు నిలబడ్డారో పోల్చుకోలేకపోయాడు. దూరపు చూపు మసకగానే మిగిలింది, అద్దాలు పెట్టినా సగమే తేటపడింది. ఇంకా దిద్దబోతే జానెడున్నర కూడా పోవచ్చు. మేడమ్ అక్కడితో గట్టిపరిచేసింది. ఆయన మొదటి రోజు అడిగిన బేరమే మిగిలింది. ఆమె ఇచ్చిన మాట పోయింది. శెట్టి గారు మళ్లీ బజారులో కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు ఆయన భార్య నా దగ్గర ఆగి, "ఇంగొకరు ఫోన్ చేస్తే అన్నీ చెప్పు నాయనా" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

సూచన ఇవ్వడంలో లోపం ఆస్పత్రిది అని మేడమ్ నివేదికలో రాసింది. నా పేరు లేదు. ఆ తర్వాత ఆ లెన్సులు మాకు రాలేదు. వాటి కోసం ఉత్తరాలు రాసిన మనిషి ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. ఒక్కటి మాత్రం మార్చింది. అప్పటినుంచి ప్రతి రోగినీ, ఏం పని చేస్తావప్పా అన్న తర్వాత, పొద్దున లేచి ముందు ఏం చేస్తావని కూడా అడిగి కార్డులో రాయాలి. నేను కడపలో దుకాణం పెట్టాక కూడా అడుగుతూనే ఉన్నాను. కొందరు నవ్వుతారు, కొందరు మీకెందుకంటారు.

కిందటేడు మేడమ్ నా దుకాణానికి వచ్చింది. ఎప్పుడో రిటైరై ఆత్మకూరులో ఉంటోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నాకూ పొర వచ్చిందప్పా, కోయించుకునే ముందు నంబరు నీ చేతనే చూపించుకుందామని వచ్చినా అంది. కర్నూల్లో, హైదరాబాదులో అంత మంది ఉండగా నేనెందుకు మేడమ్ అన్నాను. "ఆ పొద్దు అంకెలు తప్పకుండా చదివినావు గదా" అంది. మెచ్చుకోలు అంటే అదే, ఆమె నోటి నుంచి నేను విన్నది.

కూర్చోబెట్టి కార్డు తీశాను. దారం ఆమె సంచిలోనే ఉంది, ఇచ్చింది. ఏం పని చేస్తారంటే, ఇంగేం పని ఉండాది, చిక్కుడుకాయలు ఒలుచుకుంటానంది. కొలిచి ముడి వేశాను. తర్వాతి ప్రశ్న అడగడానికి నాకు మొహమాటంగా ఉంది. కానీ అడక్కుండా ఉంటే ఆమే తిడుతుంది.

"పొద్దున లేచి ముందు ఏం చేస్తారు మేడమ్?"

ఆమె కిటికీ వైపు చూసింది.

"సూర్యునికి మొక్కుతానప్పా" అంది.

నా పెన్ను ఆగిపోయింది.

"ఆ పొద్దు మీట మీద కాలు పెట్టినప్పుడు నాకు ఒళ్లంతా వణుకు. నువ్వు చూసింటావో లేదో. సూర్యుడా, నువ్వు చెడగొట్టిందే గదా, నువ్వే కాపాడు అని ఆయప్పకు మొక్కుకున్నా. శెట్టికి రెండు గీట్లు కనపడినాయి. అప్పటినుంచి ఒక్క పొద్దు తప్పలేదు." నేను అడగకుండానే, "అద్దాలు తీసే మొక్కుతా" అంది.

కార్డులో రాశాను. రాసి, తలెత్తి, ఆపరేషన్ తర్వాత డాక్టరు చెప్పేదాకా పొద్దున మొక్కేటప్పుడు కూడా నల్లద్దాలు తీయొద్దు మేడమ్ అని చెప్పాను. అర్థమైందా అని కూడా అడిగాను. నా దగ్గరికి వచ్చే ముసలమ్మలు ఎలా తల ఊపుతారో అలాగే తల ఊపి, "సరేప్పా" అంది.